కంటి చుక్కలు, క్లారినెట్టు

రాయగడ చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా, బ్యాండు మేళం మాట్లాడుకోడానికి వచ్చినవాళ్లు తిరుమలరావు వస్తాడో రాడో ముందే తేల్చుకునేవారు. మేళం అతని బావమరిది గంగయ్యది. డోలు కూడా గంగయ్యదే. క్లారినెట్టు మాత్రం తిరుమలరావుది. పొద్దున మున్సిపాలిటీలో నీళ్ల వాల్వులు తిప్పే ఉద్యోగం, పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రం ఎర్ర కోటు, తలమీద జరీ టోపీ. పాట చివర్లో ఒకే స్వరం పట్టుకుని ఊపిరి తీయకుండా నిలబడిపోయేవాడు. పెళ్లికొడుకు కూడా కారు అద్దం దించి చూసేవాడు.

చిన్నప్పుడు అతనికి ఆయాసం ఉండేది. వానాకాలం వస్తే రాత్రంతా తల్లి వీపు రాస్తూ కూర్చునేది. పదహారేళ్లకి అది దానంతటదే పోయింది. ఆ సంగతి భార్య బుల్లమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. క్లారినెట్టు ఊదేవాడికి ఆయాసం ఉండేదంటే మేళానికి ఎవరు పిలుస్తారు?

యాభై దాటాక ఒక కంటి శిబిరంలో పరీక్ష చేయించుకున్నాడు. కోరాపుట్ నుంచి వచ్చిన డాక్టర్ బిశ్వజిత్ పరికరంలోంచి చాలాసేపు చూసి, రెండు కళ్లలోనూ ఒత్తిడి ఎక్కువగా ఉందని, ఇది నీటికాసులని చెప్పేడు. చూపుని అంచుల నుంచి మెల్లగా తినుకుంటూ వస్తుందట. పోయినది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు.

"ఆయాసం, ఉబ్బసం లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా, మౌసా?" అని అడిగేడు, ఒడియాలో బాబాయ్ అన్నట్టు పిలుస్తూ.

వెనక వరసలో గంగయ్య ఉన్నాడు. అతని వెనక తెలిసినవాళ్లు నలుగురైదుగురున్నారు.

"నాకా, ఆయాసమా? క్లారినెట్టు ఊదేవోణ్ణి బాబూ!" అన్నాడు తిరుమలరావు, అందరికీ వినపడేలా. వరసలో వాళ్లు నవ్వేరు. డాక్టరూ నవ్వి, పొద్దునా సాయంత్రం వేసుకోమని చుక్కల మందు రాసేడు.

తిరుమలరావు శ్రద్ధగా వేసుకున్నాడు. కళ్లకేమీ ఇబ్బంది లేదు. కానీ రోజులు గడిచేకొద్దీ ఊపిరి పొట్టిదైపోసాగింది. గుణుపూర్ పెళ్లిలో పట్టుకున్న స్వరం మధ్యలో తెగిపోయింది. క్లారినెట్టు మూతిలో పెట్టే రీడు పాడైందన్నాడు. కొత్త రీడు వేసినా తెగింది. దుమ్మన్నాడు, జలుబన్నాడు. నీళ్ల ట్యాంకు మెట్లు సగం ఎక్కి కూర్చోవలసి వచ్చినప్పుడు వయసన్నాడు. పడుకుంటే ఛాతీలోంచి పిల్లికూతలు వినపడుతున్నాయని బుల్లమ్మ చెప్తే, "కలగన్నావు" అన్నాడు.

ఒక ఆదివారం ఊళ్లోనే ఊరేగింపు. అందరికీ తెలిసిన పాట. రెండో చరణం దగ్గర తిరుమలరావు క్లారినెట్టు నోట్లోంచి తీసేసి పక్కనున్న అరుగు పట్టుకున్నాడు. గంగయ్య ఒక్క చూపులో గ్రహించి పాటని డోలుతో అందుకున్నాడు. పాట ఆగినట్టు కూడా ఎవరికీ తెలియలేదు. డోలు మేళంలో ఒక కుర్రాడి చేతికిచ్చి పరిగెత్తుకొచ్చేడు.

"బావా, ఏటైంది? పెదాలు నల్లబడిపోతన్నాయి!"

తిరుమలరావుకి జవాబు చెప్పే ఊపిరి లేదు. ఆటోలో వేసుకుని డాక్టర్ హేమమాలిని క్లినిక్కి తీసుకెళ్లేరు. బుల్లమ్మ వెనకే మరో ఆటోలో వచ్చింది.

హేమమాలినిది గుణుపూర్ దగ్గర రైతు కుటుంబం. మాట మెత్తన, పని చకచక. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మందు ఆవిరి పట్టే మిషను పెట్టించింది. ఉబ్బసం రోగులు ఆ ఆవిరి పీల్చేక కాసేపటికే తేరుకుంటారు. తిరుమలరావు తేరుకోలేదు. మళ్లీ పట్టించింది. పిల్లికూతలు తగ్గలేదు.

ఆమె అతని మణికట్టు పట్టుకుని గడియారం కేసి చూసింది. వదలకుండా మరోసారి చూసింది.

"ఊపిరాడని మనిషికి గుండె దడదడా కొట్టుకోవాలి. ఈ మందుకి ఇంకా జోరెక్కాలి. ఈయనకి చూస్తే నిద్రపోతున్నవాడి కన్నా మెల్లగా కొట్టుకుంటోంది," అంది. "ఏదో మందు గుండెని పట్టి ఆపుతోంది. ఏం వాడుతున్నారు?"

తిరుమలరావు తల అడ్డంగా ఊపేడు. ఏమీ లేదు.

"బీపీకి? గుండెకి? మైగ్రేనుకి? ఎవరి మాత్రలైనా తీసుకుని వేసుకున్నారా?"

మళ్లీ అడ్డంగానే ఊపేడు.

"మాత్తర్లు ఏటీ లేవమ్మా," అంది బుల్లమ్మ. "కంట్లో సుక్కలే. అయి మందుల్లోకి వస్తాయేటి?"

హేమమాలిని చప్పున తల తిప్పింది. "ఎక్కడున్నాయి అవి?"

సీసా తిరుమలరావు కోటు జేబులోనే ఉంది. పేరు చదివి, ఆమె గుండెకి ఈసీజీ తీయించింది. తర్వాత ముక్కూ నోరూ కప్పిన మాస్కు తీసేసి, నోట్లో పెట్టుకునే గొట్టం బిగించి, మిషనులో వేరే మందు పోసింది.

"దీన్ని పెదాలతో గట్టిగా పట్టుకోండి. ఆవిరి పైకి రాకూడదు. ఇది కళ్లలోకి పోతే మీ కంటికి మంచిది కాదు. క్లారినెట్టు పట్టుకున్నట్టే పట్టుకోండి, ఊదడానికి బదులు పీల్చండి."

అది మాత్రం తిరుమలరావుకి బాగా తెలుసు. ఆవిరి కాస్తయినా బయటికి పోకుండా పట్టుకున్నాడు. కాసేపటికి భుజాలు కిందికి దిగేయి. పెదాలకి రంగు వచ్చింది. బుల్లమ్మ అంతవరకూ పట్టుకున్న మంచం కమ్మీ వదిలి కుర్చీలో కూలబడింది.

"ముందుదాంతో తగ్గనిది దీంతో ఎలాగ తగ్గిందమ్మా?" అని గంగయ్య అడిగేడు.

"మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు రెండు రకాలున్నాయి," అంది హేమమాలిని. "ఒక రకం గుండెని పరిగెత్తు అంటుంది, ఊపిరి గొట్టాల్ని తెరుచుకో అంటుంది, కంట్లో నీరు ఊరమంటుంది. రెండో రకం గుండెని నెమ్మదించు అంటుంది, గొట్టాల్ని బిగించు అంటుంది. ఈ చుక్కలు మొదటి రకం మాట వినపడకుండా చేస్తాయి. కంట్లో వినపడకపోతే మంచిదే, నీరు తక్కువ ఊరి ఒత్తిడి తగ్గుతుంది. కానీ మందు కంట్లోనే ఉండిపోదు. కంటి మూల సన్నని దారుంది, ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది."

"నిజమే, ఏడిస్తే ముక్కు కారదేటి," అంది బుల్లమ్మ.

"అదే దారి. అక్కణ్ణించి గుండెకీ ఊపిరితిత్తులకీ పోయి అక్కడా చెవులు మూసింది. నేను మొదట పట్టించిన ఆవిరి 'తెరుచుకో' అని చెప్పే మందే. చెవులు మూసుకున్నవాడికి ఎంత చెప్పి ఏం లాభం? అందుకని రెండో రకం నరాల నోరు మూయించేను. బిగించమనేవాళ్లు లేకపోతే గొట్టాలు వదులవుతాయి." తిరుమలరావు కేసి తిరిగింది. "అందరికీ ఇలా కాదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదా?"

తిరుమలరావు గంగయ్య కేసి చూసేడు. "ఉండీదమ్మా," అన్నాడు. "కంటి డాక్టరుబాబు అడిగేడు. నానే లేదన్నాను."

గంగయ్య ఒళ్లో పెట్టుకున్న బావ జరీ టోపీ దుమ్ము దులిపేడు.

తిరుమలరావు చుక్కల సీసా అందుకుని చెత్తబుట్ట వైపు చెయ్యి చాచేడు. హేమమాలిని ఆ చెయ్యి పట్టుకుంది.

"ఈ చుక్కలు మానేయండి, సరే. కంటి మందే మానేస్తానంటే ఒప్పుకోను. ఊపిరి పోతే మీకు వెంటనే తెలిసింది. చూపు పోతుంటే తెలియదు. రేపే కోరాపుట్ వెళ్లాలి."

"శుక్రోరం కల్యాణసింగ్‌పూర్‌లో పెల్లుందమ్మా. నాను మాటిచ్చేను."

"మీ ఊపిరి గొట్టాలు మాటివ్వలేదు కదా?"

బుల్లమ్మ నవ్వేసింది. తిరుమలరావుకీ నవ్వొచ్చింది, కానీ దగ్గు అడ్డొచ్చింది.

రాత్రి అక్కడే ఉంచి, పొద్దున నాడి, ఊపిరి చూసి పంపించింది. బయటికి రాగానే అతను కల్యాణసింగ్‌పూర్ పెళ్లివారికి స్వయంగా ఫోన్ చేసేడు. రీడనీ జలుబనీ అనలేదు. "నాకు ఆయాసం ఉందండి. డాక్టరమ్మ ఊదొద్దంది. మా గంగయ్య ఇంకో మనిషిని తెస్తాడు, మేళం బాగుంతాది," అన్నాడు. అవతల పెద్దాయన, తన తమ్ముడికీ ఉబ్బసమేనని, ఏ డాక్టరమ్మకి చూపించేవని అడగడం మొదలుపెట్టేడు. తిరుమలరావు అంతసేపు ఆ విషయం మాట్లాడటం అదే మొదలు.

కోరాపుట్ రైలు సొరంగాల్లోంచి పోతుంటే బుల్లమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. బయట కొండలమీద వలిసె పూలు పచ్చగా విరబూసి ఉన్నాయి. అంచులు కూడా స్పష్టంగానే కనపడుతున్నాయా అని ప్రతి మలుపులోనూ అడిగింది.

"కనపడతన్నాయే. నీ ముక్కు పుడక కూడా కనపడతంది," అన్నాడు.

హేమమాలిని అప్పటికే బిశ్వజిత్‌తో మాట్లాడింది. తిరుమలరావు గదిలోకి అడుగుపెడుతూనే, "తప్పు నాదే బాబూ, మీరు అడిగేరు, నాను దాసేను," అన్నాడు.

బిశ్వజిత్ ఒడియాలో, తిరుమలరావుకి అర్థమయ్యేలా నెమ్మదిగా అన్నాడు: "నవ్వి ఊరుకోకుండా నేను ఒకసారి ఛాతీ విని ఉండాల్సింది, మౌసా. ఇద్దరం పంచుకుందాం."

ఈసారి వేరే చుక్కలు రాసేడు. అవి ఆ నరాల జోలికి పోవు, కంట్లో నీరు బయటికి పోయే దారిని తెరుస్తాయి. పడుకునే ముందు ఒక్కసారి చాలు. చుక్క వేసేక కంటి మూలని వేలితో కాసేపు నొక్కి ఉంచమని చేసి చూపించేడు. కళ్లు కొంచెం ఎర్రబడచ్చు, రెప్పల వెంట్రుకలు పొడుగవచ్చు అన్నాడు. గట్టిగా బిగబట్టి ఊదేటప్పుడు కంట్లో ఒత్తిడి కూడా పెరుగుతుంది కాబట్టి, పాట మధ్యలో విరామం ఇవ్వమన్నాడు.

నెల తిరిగేసరికి నాడి మామూలైంది. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. కంటి ఒత్తిడి తగ్గిందని బిశ్వజిత్ చెప్పేడు. హేమమాలిని జేబులో పెట్టుకోడానికి పీల్చే మందు ఒకటి ఇచ్చింది. రెప్పల వెంట్రుకలు నిజంగానే పొడుగయ్యేయి. మేళం కుర్రాళ్లు కాటుక పెట్టేవా మావా అని ఏడిపించేరు. పెట్టేను, మీకూ కావాలా అన్నాడు.

మాఘమాసంలో పొట్టంగిలో పెళ్లి కుదిరింది. అక్కడికీ కబురు చేరిపోయింది. ఊరేగింపు బయల్దేరబోతుంటే పెళ్లికూతురి మేనమామ అతని దగ్గరికొచ్చి, చుట్టూ జనం ఉండగానే అడిగేడు.

"నీకు ఆయాసమంట కదా? కొండ ఊరు, ఎత్తు దారి. ఊదగలవా?"

గంగయ్య ఏదో అనబోయేడు. తిరుమలరావు చేత్తో ఆపేడు.

"ఆయాసం ఉంది, నీటికాసులూ ఉన్నాయి బాబూ. రెండిటికీ మందు వాడతన్నాను," అన్నాడు. "ఊదుతాను. మద్దెలో ఆపుతాను. ఆపినప్పుడు మా గంగయ్య డోలు ఇనండి."

క్లారినెట్టు పెదాలకి ఆనించి, ఎత్తుదారికి ముఖం తిప్పి నడవడం మొదలుపెట్టేడు.