నీలమ్మ సైటుకు తాళం

వైకుంఠం గోడవారనున్న కుర్చీని లాక్కొచ్చి తన కుర్చీ పక్కన వేశాడు. ఆ తర్వాతే కంప్యూటర్ ఆన్ చేశాడు. శాలిబండలోని ఆ నెట్ సెంటర్లో అతను జీతానికి కూర్చునే మనిషి. యాభై దాటాయి. సన్నటి మెడ, ఇస్త్రీ చొక్కా, మౌస్ పట్టీ పట్టీ కాయ కాచిన మణికట్టు. ఉండేది కిషన్‌బాగ్‌లో ఒంటిగదిలో. వచ్చినవాళ్లు "భాయ్, ఏక్ ప్రింట్" అంటారు, ప్రింటు పట్టుకుని పోతారు. అతని పేరు అడిగిన పాపాన పోయినవాడు లేడు.

నీలమ్మ అడిగింది. వెనక గల్లీలో జాకెట్లు కుట్టే మనిషి. మొగుడు పోయాక మిషనే ఆధారం. సైటు పెడితే ఆర్డర్లు వస్తాయని ఎవరో చెబితే వచ్చింది. వైకుంఠం ఊరికే చేసిపెట్టాడు. జాకెట్ల ఫోటోలు, కొలతలూ ఫోన్ నంబరూ రాసే పేజీ, అన్నీ కుదిరాయి. కానీ ఆ పేజీ తెరవగానే "ఈ సైటును నమ్మలేం" అని ఎర్రటి హెచ్చరిక వచ్చేది. అది చూశాక ఏ ఇల్లాలు తన నంబరు రాస్తుంది? సెక్యూరిటీ సర్టిఫికెట్ పెడితే హెచ్చరిక పోయి తాళం బొమ్మ వస్తుంది. విదేశంలో ఒక సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. అడగ్గానే మెయిల్‌కు ఒక కోడ్ పంపుతుంది. ఆ రోజే దాన్ని వాళ్ల పేజీలో కొట్టాలి. అంతే పని.

కోడ్ చాలాసార్లు వచ్చింది. వైకుంఠం కొట్టలేదు.

కొడితే పని అయిపోతుంది. అయిపోతే నీలమ్మ రాదు. రోజూ పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుని గల్లీ ముచ్చట్లన్నీ చెప్పేది. "తిన్నవా వైకుంఠమన్నా?" అనేది. ఆ మాట అడిగే మనిషి అతనికి ఈ లోకంలో మరొకరు లేరు. అందుకే కోడ్‌ను మురగబెట్టి, మర్నాడు కొత్తది అడిగేవాడు. నోట్లో నాలుక లేని మనిషి చేసిన దొంగతనం అదొక్కటే.

ఇవాళ నీలమ్మ చేతిలో సంచితో వచ్చింది గానీ కూర్చోలేదు.

"ఇయ్యాలన్న అయితదా అన్నా?"

"ఆ కంపెనోళ్లు ఇంకా పంపలే నీలమ్మా. రేపు సూద్దాం." మెయిల్ ఎదురుగా తెరిచే ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"నువ్వేం జేస్తవ్ పాపం. ఒక్క ఆర్డర్ రాకపాయె. మా చెల్లె కమల మేడ్చల్ దిక్కు బట్టల కంపెనీల చేస్తది, నన్ను గూడ రమ్మన్నది. మిషన్ అమ్మేసిన. ఆటో నిలవడ్డది, పోతున్న."

వైకుంఠం పక్క కుర్చీని ఆమె వైపు జరిపాడు. "జర కూసో, ఒక్క నిమిషం," అన్నాడు.

"ఇంకేం కూసుంట? నా కోసం మస్తు తిప్పలు వడ్డవ్. యాళ్లకు తిను అన్నా." వెళ్లిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వైకుంఠం అప్పుడు కోడ్ కొట్టాడు. టీ చల్లారేలోపు సర్టిఫికెట్ వచ్చింది. సర్వర్లో పెట్టి సైటు తెరిచాడు. హెచ్చరిక లేదు, మూలన తాళం బొమ్మ. "సూడు," అంటూ పక్కకు తిరిగాడు. ఖాళీ కుర్చీని చూసి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రం గల్లాపెట్టె పక్కన నీలమ్మ తెచ్చిన సంచి కనిపించింది. అందులో జాకెట్ ముక్కలు అతికి కుట్టిన గుడ్డ తొడుగు. తీసి మానిటర్‌కు తొడిగాడు. ఎక్కడా వదులు లేదు, బిగుతు లేదు. వైర్లు పోవడానికి వెనక రెండు కాజాలు కూడా కుట్టి ఉన్నాయి.