అటక అడిగిన పంతులమ్మ

ఆ ఆదివారం సూరత్ లింబాయత్‌లో మా గల్లీ పక్కనున్న బడిలో ఓటరు నమోదుకు ఆఖరు రోజు. పొద్దున ఎనిమిదికే లైను తల బడి లోపల, తోక రైలు పట్టాల అవతల. మధ్యలో రెండు గూడ్సు బండ్లు ఆగాయంటే మీరు నమ్మరు; సరే, ఒకటి ఆగింది. రాసేది మాత్రం ఒక్క గుజరాతీ పంతులమ్మ. ఆమెకున్న రెండు చేతుల్లో ఒకటి విసనకర్రకే సరిపోయె.

ఆ తోకలో మా గంగవ్వ, ఆమె వెనక చిరునామా మార్పించుకోవడానికి నేను. కొడుకు మరమగ్గాల పనికి వచ్చాక సిరిసిల్ల నుంచి ఆమె కూడా వచ్చి తొమ్మిదేళ్ళయింది. అక్కడి జాబితాలోంచి పేరు తీసేశారు, ఇక్కడ ఎక్కలేదు. ఎన్నికలప్పుడు చేతులు జోడించుకుంటూ వచ్చేవాళ్ళు ఆమె గుమ్మం దగ్గర చేతులు విడదీసి ముక్కు గోక్కుంటూ పోతారు.

"ఒక్కసారన్న నాకు దండం పెట్టాలె నర్సింగమన్నా. 'గంజి తాగుతున్న, మల్ల రాపో' అని నేను తలుపెయ్యాలె. గంతే నా కోరిక."

"ఐదు గంటలకు బంద్ చేస్తరట చెల్లె. నీ వంతొచ్చే వరకు నీ మనుమరాలి మనుమరాలు ఓటేస్తది."

"నీ నోట్ల మన్నువడ!"

మధ్యాహ్నం మూడైనా మేం పట్టాల దగ్గరే ఉన్నాం. అప్పుడు ముందర, మొన్ననే సిరిసిల్ల నుంచి దిగిన నరహరి బల్ల దగ్గరికి చేరాడు. పంతులమ్మ పేరు రాసుకుని "అటక్?" అంది. గుజరాతీలో అటక్ అంటే ఇంటిపేరు. నరహరికేం తెలుసు?

"అటక మీదనా అమ్మా? నలుగురం పంటం," అని నిజం చెప్పేశాడు.

గదికి ఇద్దరమని కిరాయి మాట్లాడుకుని, పైన అటక మీద ఇంకో నలుగురు పడుకోవడం మా దగ్గర మామూలే. అది ఇంటి సేఠుకు తెలియకూడదు. మాట లైను వెంబడి పాకింది. పది అడుగుల్లో నలుగురు కాస్తా పద్నాలుగు మంది అయ్యారు.

"అటకలు రాస్తుండ్రట!"

"సేఠులకు చెప్తరట!"

"నిచ్చెనలేసుకొని పోలీసులు బయలెల్లిండ్రట!"

అంతే, లైను తెగింది. పరుపులు దింపడానికి, బావమరుదులను దాచడానికి మావాళ్ళంతా పరుగు. ఎందుకు పరిగెత్తుతున్నారో తెలుసుకుందామని మరాఠీవాళ్ళు, ఒడియావాళ్ళు వాళ్ళ వెంట పరుగు.

ముప్పైరెండేళ్ళుగా సూరత్‌లో ఉన్నవాణ్ణి, నాకు సంగతి తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. గంగవ్వ ముఖం చూసి మూసుకున్నాను.

"నువ్వు ఉరుకవా చెల్లె?"

"నాది రేకుల కప్పు. అటకే లేదు. నడువు, జల్ది!"

ఖాళీ ఆవరణలో పంతులమ్మ బెదిరిపోయి నీళ్ళు తాగుతోంది. గంగవ్వ పేరు రాసుకుని "అటక్?" అంది.

"లేదమ్మా."

"అటక్ తో సబ్‌కా హోతా హై!" అది అందరికీ ఉంటుందని పంతులమ్మ పట్టు.

"లేదంటె ఇనవేందే! వచ్చి చూస్కో మా ఇల్లు!"

పంతులమ్మ కలానికి మూత పెట్టేసింది. అటక్ లేకపోతే ఫారం చెల్లదంది. గంగవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అన్నా, అటక లేని పేదోళ్ళకు ఓటు లేదంటుంది!"

నవ్వు ఆపుకోలేక నాకు పొలమారింది. "ఇంటిపేరు చెల్లె! నీ ఇంటిపేరు అడుగుతుంది!"

"గాజెంగి!" అని ఆమె పెట్టిన కేకకు కలం మూత దానంతటదే ఎగిరిపోయింది. ఇది మాత్రం ఒట్టు.

రసీదు కొంగున ముడేసుకుని నా వైపు తిరిగింది.

"నీకు ముందే ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి గంతమందిని ఎందుకు ఉరికిచ్చినవ్?"

"నేనెక్కడ ఉరికిచ్చిన? ఆపలే, గంతే."

ఆమె గేటు దగ్గరికి పోయి గొంతెత్తింది. "ఓ అయ్యలారా! అటక కాదు, ఇంటిపేరు! ఉరికి రాండ్రి, ఐదుకు బంద్!"

"జర ఆగు చెల్లె, నాది ఇంకా..."

వినేదెవరు? పోయిన జనం పోయినదానికి రెట్టింపు వేగంతో వచ్చారు, కొందరైతే నెత్తిన పరుపులతోనే. బల్లకూ నాకూ మధ్య ఒకడు దూరాడు, తర్వాత పదిమంది, తర్వాత లెక్క లేదు. తేరుకునేసరికి నేను గేటు బయట ఉన్నాను.

గంగవ్వ నన్ను ఆపాదమస్తకం చూసింది. "నీకు గుజరాతీ మస్తు వచ్చు గదనే. కొసకు నిలబడి, వచ్చినోళ్ళకల్ల అర్థం చెప్పుకుంట రా!"