దుమ్ముదగ్గు

శేషమ్మకు పంతం పట్టడం వచ్చు గానీ విడవడం రాదు. నాలుగేళ్ళుగా సొంత చెల్లెలు సుధారాణితో మాట్లాడలేదంటే చూడండి! పులివెందుల దగ్గర అరటితోటలున్న ఇంటికి ఇచ్చారు ఆ చెల్లెల్ని. ఆమె ఫోన్ చేస్తే శేషమ్మ ఎత్తదు. సర్దిచెప్పడానికి ఎవరన్నా వస్తే, "నా మొగుణ్ని సంపినోడు దాని మొగుడే. ఇంగ మాటలేంది?" అని మొహం మీదే చెప్పి పంపేది.

సంగతి కరోనా మొదటి ఏడాదిది. శేషమ్మ ఊరు ఎర్రగుంట్లకు దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీ పక్కనే. ఆ ఊళ్ళో కరివేపాకు రెండు నీళ్ళల్లో కడిగితే గానీ కూరలో వెయ్యరు. పత్తికాయ పగిలితే తెల్లగా ఉండదు. అట్లాంటి పత్తిని కొనేవాడు లేక ఆమె భర్త ఆదినారాయణ చేను బీడు పెట్టి, అదే ఫ్యాక్టరీలో బస్తాలు నింపే పనికి పోయాడు. సాయంత్రం ఇంటికి రాగానే అరచెయ్యి చాపేవాడు. శేషమ్మ డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి పెట్టేది. గొంతులో దుమ్ము బెల్లంతో దిగిపోతుందని వాళ్ళ నమ్మకం. ఇంటింటా ఆ డబ్బా ఉంటుంది, దగ్గూ ఉంటుంది. దానికి దుమ్ముదగ్గు అని పేరు పెట్టుకుని, ఇంట్లో మనిషిని భరించినట్టు భరిస్తారు.

లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగింది. కొన్ని వారాలకే వాకిట్లో వేపచెట్టు పచ్చబడింది. ఆదినారాయణ దగ్గు మాయమైంది. "చూడుమే, నిద్ర ఎంత బాగ పడ్తాందో!" అని మురిసిపోయాడు పాపం. ఫ్యాక్టరీ మళ్ళీ మొదలైంది, దగ్గూ మొదలైంది. అందుకే అసలు రోగం వచ్చినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రోగం సుధారాణి ఇంట్లోనే అంటుకుంది. వాళ్ళు కొత్తింట్లో చేరిన నాడు, సుధారాణి భర్త హనుమంతయ్య, ఆదినారాయణ ఒకే బంతిలో పక్కపక్కన కూచుని సంగటి తిన్నారు. హనుమంతయ్యకు అప్పటికే ముక్కు కారుతోంది. తోడల్లుళ్ళిద్దరూ ఒక్కసారే మంచం పట్టారు. హనుమంతయ్య మిరియాల కషాయం తాగి, ముసుగుతన్ని పడుకుని, లేచి తోటకు నీళ్ళు కట్టుకోవడానికి పోయాడు. ఆదినారాయణ మాత్రం, "కరోనా గిరోనా ఏం ల్యా. ఫ్యాక్టరీ తిరుగుతాంది గదా, మన దగ్గు మనకొచ్చింది. బెల్లం పెట్టు" అన్నాడు. శేషమ్మ పెట్టింది. పెడుతూనే ఉంది. పెదవులు నీలమయ్యాక గానీ ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోలేదు.

అక్కడ డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "ఎన్నేళ్ళ నుంచి బీడీలు తాగుతున్నాడమ్మా?" అని అడిగింది.

"నా మొగుడు బీడీ ముట్టినోడు కాదు తల్లీ!" అని శేషమ్మ గయ్యిమంది.

"మరి ఊపిరితిత్తులు ఇట్లా ఉన్నాయేంటి? ఇవి ఈ వారంలో పాడైనవి కావు."

శేషమ్మ ఆ మాటను తిట్టు కింద జమకట్టుకుంది. ఆదినారాయణ తిరిగి రాలేదు. ఆ కాలంలో వాళ్ళ వీధిలో చావులు వరసపెట్టాయి. చెల్లెలి ఊళ్ళోనూ రోగం ఇల్లిల్లూ తిరిగింది గానీ చాలామంది లేచి కూచున్నారు. ఎందుకట్లా అని శేషమ్మ ఆలోచించలేదు. అంటించినోడు అరటిగెలలు మోస్తూ తిరుగుతున్నాడు, తన మొగుడు మట్టిలో ఉన్నాడు. ఆ మంట ఒక్కటే చాలింది ఆమెకు.

ఇక ఇప్పటి సంగతి. కొడుకు ఉదయ్‌కిరణ్ జమ్మలమడుగులో ఐటీఐ చదివి, ఉద్యోగాల కోసం కాళ్ళరిగేలా తిరిగి, చివరికి తండ్రి చేసిన పనిలోనే కాంట్రాక్టు కింద చేరాడు. శేషమ్మ ఆంజనేయస్వామికి టెంకాయ కూడా కొట్టింది. మొదటి సాయంత్రం వాడు కనుబొమ్మలు తెల్లబడి ఇంటికొచ్చి, నాయన చాపినట్టే అరచెయ్యి చాపాడు.

"మా, బెల్లం."

పెట్టింది.

వానాకాలం దాటేసరికి వాడికి దగ్గు పట్టింది. ఒకనాడు శేషమ్మ జొన్నలు చెరుగుతుంటే పంచలో వినిపించింది. ముందు పొడిగా, ఆపైన లోపల్నుంచి పేగులు లాగినట్టు. చేతిలో చాట జారిపోయింది. అది ఆదినారాయణ దగ్గు! ఉరికిపోయి చూస్తే కొడుకు.

"ఒరేయ్, ఎన్నాళ్ళ నుండి ఇట్ల దగ్గుతాండావు?"

"దుమ్ముదగ్గేలే మా. అందురికీ ఉండేదే గదా. బెల్లం పెట్టు, పోతాది."

శేషమ్మ అక్కడే చతికిలబడింది. ఇప్పుడు ఊళ్ళో కరోనా లేదు. హనుమంతయ్య ఈ గడప తొక్కి నాలుగేళ్ళు. మరి ఈ దగ్గు ఎక్కణ్ణుంచి వచ్చింది? డాక్టరమ్మ అడిగిన బీడీల మాట ఇన్నాళ్ళకు తలకెక్కింది. హనుమంతయ్య దగ్గర్నుంచి రోగం వచ్చేసరికే తన మొగుడి రొమ్ము సగం కాలిపోయి ఉంది. దాన్ని కాల్చింది ఎదురుగానే నిలబడి పొగ వదులుతోంది. తను మాత్రం చెల్లెలికి శాపనార్థాలు పెడుతూ కూచుంది. పైగా కొడుకును టెంకాయ కొట్టి మరీ అక్కడికే పంపింది!

"దేవుడా, నా కండ్లు ఏమైపాయె?" అని నెత్తి కొట్టుకుంది. "రేపట్నుంచి నువ్వు పనికి పోవద్దు, అంతే."

"పోకుంటే? ఆ బీడు చేన్లో ఏం పండిస్తాం? యాడికి పోవల్లో నువ్వే చెప్పు."

ఎక్కడికి పోవాలో ఆమెకు తెలుసు. గాలి బాగుండి, వీడికి పనిచ్చే చుట్టాల ఇల్లు ఒక్కటే ఉంది. ఆ ఇంటి తలుపు తనే మూసింది. పొద్దుగూకేదాకా వసారాలో కూచుని ఫోన్ తియ్యడం, పెట్టెయ్యడం. కొడుకు మళ్ళీ దగ్గాడు. ఇంక తట్టుకోలేక చెల్లెలి నంబరు నొక్కింది. హనుమంతయ్యే ఎత్తాడు.

"ఎవురూ... వదినా? నిజంగా నువ్వేనా?"

ఆ గొంతు ఖణేల్‌మని ఉంది. వినగానే పాత కసి ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. పండ్లు బిగించి దిగమింగుకుంది. అంతలో పంచలోంచి ఉదయ్‌కిరణ్ దగ్గు.

అది అవతల హనుమంతయ్యకు వినబడింది. "వదినా, ఆడ దగ్గేది ఎవరు? అచ్చం మా అన్న దగ్గినట్టే ఉండాదే!"

"మా ఉదయ్‌గాడు..." శేషమ్మ భోరుమంది. "మీ అన్నను నువ్వు సంపలేదు హనుమంతయ్యా. నోరుజారి శానా పెద్ద మాటన్నా. వీన్నన్నా బతికించుకోవల్ల. నీ తోటలో ఏదో ఒక పని చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళూ గీళ్ళూ అన్నావంటే ఫోన్ పెట్టేస్తా! వాడు మా పిల్లోడు కాదా ఏంది? రేపు పొద్దున్నే బస్సెక్కండి." అని గొంతు తగ్గించాడు. "ముందు ప్రొద్దుటూరికి పిల్చకరా వదినా. ఎక్స్‌రే తీపిద్దాం. నేనూ, సుధా ఆడికే వస్తాం."

సరేనని శేషమ్మ ఫోన్ పెట్టేసింది. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ ఈసారి ఏమంటుందో! లేచి లోపలికి పోయి, బెల్లం డబ్బా తెచ్చి బర్రె కుడితి తొట్లో బోర్లించింది.

"అదేంది మా? నాకు?" అంటూ ఉదయ్‌కిరణ్ అలవాటుగా అరచెయ్యి చాపాడు.

శేషమ్మ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. చేతిగీతల్లో సిమెంటు గడ్డకట్టి ఉంది. కొంగు నీళ్ళల్లో ముంచి తుడిచింది. ఎంత రుద్దినా అది పోలేదు.