నొప్పి లేని గాయం

దసరా ఇంకా పది రోజులుందనగా తాండూరులో జనార్దన్ ఇంటి గోడలు కడిగించే పని మొదలైంది. కరణ్‌కోట వైపు బండల లారీలు తిరిగే రోడ్డు మీది ఇల్లది. ఏడాది తిరిగేసరికి తెల్ల గోడ బూడిద రంగుకు వస్తుంది. ఈసారి జనార్దన్ కార్లు కడిగే ప్రెషర్ మిషన్ కొన్నాడు. దాని గన్ నొక్కితే నీళ్లు సన్నని ధారగా, పాత సున్నం పెచ్చులూడేంత జోరుగా కొడతాయి. ఆయన భార్య సత్యమ్మ జాగ్రత్త గల ఇల్లాలు. పొద్దున్నే స్విచ్‌బోర్డులకు కవర్లు కట్టింది, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది, పూలకుండీలను వెనక్కి జరిపించింది. గన్ పట్టుకునే మనిషి చేతులకు ఏం తొడగాలో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తప్పు పట్టడానికి తొందరపడకండి, మన ఇళ్లలోనూ తోచదు.

ఆ మనిషి పేరు మల్లేశ్వర్. మోమిన్‌పేట్ దగ్గరి పల్లెలో గొర్లు కాసే కుటుంబం. మంద చిన్నదైపోవడంతో తాండూరుకు కూలికి వస్తున్నాడు. "మిషన్ నడపొస్తదా?" అని జనార్దన్ అడిగితే, "నీళ్ల పైపే గద పటేలా" అన్నాడు. పొలంలో పైపు పట్టినవాడెవడైనా ఆ మాటే అంటాడు.

మధ్యాహ్నం గన్ మూతికి ఇసుక అడ్డుపడి ధార ఆగింది. పైపు సతాయిస్తే మనమందరం ఏం చేస్తామో మల్లేశ్వర్ కూడా అదే చేశాడు. మిషన్ ఆపకుండా, కుడిచేత్తో మీట నొక్కిపట్టి, ఎడమచేతి చూపుడువేలితో మూతిని తుడిచాడు. ఇసుక ఊడింది. మరకలు పోయే మందు కలిసిన నీళ్లు చటుక్కున వేలికి కొట్టాయి. చూసుకుంటే సూది మొనంత చుక్క. రక్తం లేదు, నొప్పి లేదు.

"ఏమైందయ్యా?" అంది సత్యమ్మ వరండాలోంచి.

"ఏం లేదమ్మా, ముల్లు గుచ్చినట్టయింది."

"జర పైలం. ఆ మూల ఇంక మిగిలింది సూడు."

అతను ఆ మూల కూడా కడిగాడు.

ఇంటికి పోయి వేలికి పసుపు, సున్నం పెట్టుకున్నాడు. గొర్ల వెంట తిరిగిన మనిషి ఎన్ని ముళ్లు చూడలేదు! మూడోనాటికి వేలు ఉబ్బి నల్లబడింది. గిల్లినా తెలియడం లేదు. విచిత్రం ఏమిటంటే అతనికి భయం కూడా వేయలేదు. ఎవరి వేలునో చూసినట్టు చూసి, పనికి బయలుదేరాడు. భార్య నాగరాణి "పని గంగల కలువనీ, నడువు" అని చెయ్యి పట్టుకుని వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టర్ దీక్షిత వేలును చూసి, "ఎప్పుడు తగిలింది?" అని అడిగింది.

"మొన్న మధ్యాన్నం."

ఆమె వేలి కొన నొక్కి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఇది ముల్లు కాదు మల్లేశ్వర్. పైన చిన్న చిల్లే గాని, నీళ్లు, మందు వేలి లోపలంతా పారినయి. నొప్పి లేదంటే మంచిగున్నట్టు కాదు, వేలు చచ్చుబడ్డట్టు. ఆరు గంటల లోపల వస్తే కోసి కడిగేవాళ్లు. ఇప్పుడు ఎంటనే హైదరాబాద్ పోవాలె. చెయ్యి దక్కించుకుందాం. వేలు సంగతి నేను చెప్పలేను."

వేలు పోయింది. పక్క వేలు వంగడం మానేసింది. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెను ఒడిసిపట్టే చెయ్యి అది.

సంగతి తెలిసి జనార్దన్ హైదరాబాద్ ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "ఒక్క మాట చెప్తే నేనే కారుల తోలుకపోతుంటి గద మల్లేశ్వర్?" అన్నాడు.

"సూదంత దానికి పని బంద్ పెడ్తే నవ్వుతరనుకున్న పటేలా."

"ఇప్పుడు నొస్తుందా?"

"ఏం తెలుస్తలేదు" అన్నాడు మల్లేశ్వర్, కట్టు వైపు కూడా చూడకుండా.

నాగరాణి మాత్రం ఊరుకోలేదు. "ఆయన చెప్పకపాయె, మీరు అడగకపాయె. గోడ తెల్లగైందా లేదా అని మాత్రం మూడుసార్లు చూసిండ్రంట" అంది. జనార్దన్‌కు సిగ్గేసింది.

పండుగ ముందురోజు పక్కింటి కిష్టయ్య వచ్చాడు. "అన్నా, జర నీ మిషన్ ఇస్తవా? మా గోడలు గలీజున్నయి. మనిషి పొద్దుగాల్నే వచ్చి కూసున్నడు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే. కానీ ఆ కాలిన చెయ్యి తనది కాదన్న సంగతి జనార్దన్‌ను నిద్రపోనివ్వడం లేదు. మిషన్ వెంటనే ఇవ్వలేదు. ముందు ఆ పనికొచ్చిన మనిషిని పిలిచి కూర్చోబెట్టాడు. బూట్లు, కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు లేకుండా గన్ ముట్టొద్దన్నాడు. కరెంటు తీగల దగ్గర కొట్టొద్దు, నిచ్చెన ఎక్కి కొట్టొద్దు, మనిషి వైపు తిప్పొద్దు అన్నాడు. మూతి మూసుకుపోతే ముందు మిషన్ బంద్ చేసి, మీట నొక్కి లోపలి జోరంతా పోనిచ్చి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలన్నాడు. ఒంటికి తగిలితే నొప్పి ఉన్నా లేకున్నా నేరుగా ఆసుపత్రికి పోవాలని రెండుసార్లు చెప్పాడు.

కిష్టయ్యకు విసుగొచ్చింది. "గోడ కడిగేతందుకు గింత కథనా అన్నా? పండుగ రేపే!"

"గోడ మీది దుమ్ము వచ్చే పండుగ దాక ఆగుతది కిష్టయ్యా. మనిషి చెయ్యి ఆరు గంటలు గూడ ఆగదు."