అంతమ్మ కూర్చున్న కుర్చీ

కుర్చీ ఖాళీగానే ఉంది. చేవెళ్లలో వికలాంగుల సర్టిఫికెట్ల కోసం క్యాంపు పెట్టిన సర్కారు భవనంలో, డాక్టర్ల బల్లకు ఇవతల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికే వేసిన కుర్చీ అది. అంతమ్మ దాని మీద చెయ్యి ఆన్చి కూర్చోబోయింది. పక్కనున్న మొగుడు శంకరయ్య గబుక్కున ఆమె రెక్క పట్టుకుని లేపాడు.

"పెద్దసార్లే! సక్కగ నిలవడు," అన్నాడు చెవిలో.

ఆమె నిలబడింది. పొద్దున్నే నీళ్ళు కాచి ఆమెకు తలంటింది శంకరయ్యే. పెండ్లిళ్ళకు దాచుకున్న పచ్చచీర పెట్టెలోంచి తీసింది కూడా అతనే. సర్కారు ముందుకు మాసిన బట్టలతో ఎట్లా పోతామని అతని బాధ. పేదవాడికి ఏమున్నా లేకపోయినా మర్యాద మాత్రం నిండా ఉంటుంది. ఆ మర్యాదే ఆ రోజు అంతమ్మ కొంప ముంచింది.

డాక్టరు తల ఎత్తి చూశాడు. "నడుచుకుంటనే వచ్చినవా?"

"ఆటో దిగి నడిచిన సారు."

"చేతులు పైకి లేపు. మంచిగనే ఉన్నవు కదమ్మా."

శంకరయ్య సిటీ దవాఖాన కాయితాలు రెండు చేతులతో అందించాడు. "క్యాన్సరున్నది సారు. ఎన్నుపూసల గడ్డ. మెల్లగ పెరిగే రకమంట. గోలీలేసుకుంట పని మానితె ఏండ్లకేండ్లు బతుకుతదన్నరు. వంగి పనిజేస్తె, బరువెత్తితె ఎముక కూలి కాళ్ళు పడిపోతయన్నరు. పింఛనొస్తె పని మాన్పిద్దమని..."

"ఈ జబ్బు జాబితాల లేదు. అవయవం ఎంత పర్సెంటేజ్ పనిచేస్తలేదో మాకు కనబడాలె. రేపు ఏమైతదో అని చెప్పి సర్టిఫికెట్ ఇయ్యలేం."

చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ డాక్టరు రాక్షసుడేమీ కాదు. గొంతు పెంచలేదు, కసురుకోలేదు. మెత్తగా మాట్లాడి, కాయితాలు తిరిగి చేతిలో పెట్టి, తర్వాతివాళ్ళను పిలిచాడు. మన రాజ్యం పేదల పీక నొక్కేది చాలాసార్లు ఇంత మెత్తగానే.

బయట మెట్ల మీద అంతమ్మ కూలబడింది. చెమటకు పచ్చచీర వీపుకు అతుక్కుపోయింది.

"నాకేం రోగం లేదంటున్నడు. సంబురపడు," అంది మొగుడితో. శంకరయ్య అటు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళది ముడిమ్యాల. ఉన్న కాస్త చెలక భూమి ఎప్పుడో చేతులు మారింది. ఇప్పుడు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ వెనక రేకుల గదిలో ఉంటారు. అక్కడ మనుషుల్ని విడివిడిగా పెట్టుకోరు, జోడీగా పెట్టుకుంటారు. మొగుడు గేటు కాయాలి, పెళ్ళాం తోట చూడాలి. జోడీలో ఒకరు పడిపోతే ఇద్దరి పనీ పోతుంది, గదీ పోతుంది. చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకు ఈ జోడీల్ని తెచ్చి పెట్టే కాంట్రాక్టరు జ్ఞానేశ్వర్. అంగట్లో ఎడ్లను జతకట్టినట్టే కడతాడు.

క్యాంపు నుంచి వచ్చాక శంకరయ్య ఒక ఉపాయం పన్నాడు. గేటు దగ్గర సందడి లేనప్పుడు లాన్‌లోకి పోయి పెళ్ళాం బదులు తనే కలుపు తీసేవాడు. ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక పొద్దు జ్ఞానేశ్వర్ బండి దిగి నేరుగా అక్కడికే వచ్చాడు.

"ఏం రా, గేటిడిసి గడ్డి పీకుతున్నవు? ఆమె ఏడ పండుకున్నది?"

"జర నడుం నొస్తున్నదంటె, అన్నా..."

"నేను జోడీకి జీతమిస్తున్న, ఒంటెద్దుకు గాదు. చాతగాకుంటె జెప్పు. షాబాద్ నుంచి వేరే జోడీ రెడీగున్నది."

గదిలోంచి ఆ మాటలు విన్న అంతమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఎరువు గంప ఎత్తుకుని చెట్ల వైపు నడిచింది. శంకరయ్య చేతిలో పీకిన గడ్డి అట్లాగే ఉండిపోయింది.

ఫామ్‌హౌస్ యజమానులు శని, ఆదివారాల్లో దిగుతారు కాబట్టి పనివాళ్ళకు సోమవారమే ఆదివారం. ఆ సోమవారం పక్క ఫామ్‌హౌస్‌లో వంట చేసే భాగీరథి అందరినీ సాయిలు పంక్చర్ షాపు ముందుకు పోగుచేసింది. భాగీరథిది పెద్ద నోరు. ఆ నోరే లేకపోతే నేను చెప్పడానికి ఈ కథే లేదు. వాచ్‌మన్లు, తోట చూసే మాలీలు, వంటవాళ్ళు, మొయినాబాద్ పూల నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

"క్యాంపులకెల్లి గిట్ల వాపసొచ్చింది అంతమ్మక్క ఒక్కతేనా?" అని అడిగింది భాగీరథి.

ఒక్కతే కాదని తేలింది. కిడ్నీలు పాడై వారంవారం రక్తం శుద్ధి చేయించుకునే వాచ్‌మన్ ఒకతను లేచాడు. గుండె ఆపరేషన్ అయిన మాలీ లేచాడు. నర్సరీలో పనిచేసే నవ్యశ్రీ, పెళ్ళి కావలసిన పిల్ల, తల దించుకునే మాట్లాడింది.

"నాకు రక్తంల క్యాన్సర్. రోజు గోలీ ఏసుకుంట. క్యాంపుకు పోలే. తెలిస్తె పనిలకెల్లి తీసేస్తరని ఎవ్వరికి జెప్పలే."

ఆమె పక్కన రోజూ పూలు కోసేవాళ్ళకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఒకామె ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

సాయిలుకు మాత్రం కోపం వచ్చింది. చిన్నప్పుడే పోలియోతో అతని కాలు చచ్చుబడింది. కర్ర ఊతంతో నడుస్తాడు. "నాది కనవడే కాలు. ఏడేండ్లు తిరిగితె పింఛనొచ్చింది. మీరందరు ఎగవడితె ఉన్నదాంట్ల కోతవెడ్తరు. మా నోటికాడిది గుంజుకుంటరా?"

"కోసేటోడు నిన్నడిగి కోస్తడా సాయిలన్నా?" భాగీరథి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇయ్యాల నువ్వు మమ్ముల నూకు, రేపు నీ కాలు మంచిగైందని ఆళ్ళు నిన్ను నూకుతరు. ఆళ్ళకు గావల్సింది గదే."

సాయిలు ఏదో గొణిగి ట్యూబు మీదికి వంగాడు. భాగీరథి అంతమ్మ వైపు తిరిగింది.

"అక్కా, ఆడ కుర్చీ ఉన్నదా?"

"ఉన్నది."

"మరి ఎందుకు కూసోలే? నిలవడితె నడుం పీకుతది గదా నీకు?"

అంతమ్మ మొగుడి పేరు ఎత్తలేదు. "పెద్దసార్ల ముంగట ఎట్ల కూసుంటం?" అంది.

కిడ్నీల వాచ్‌మన్ కూడా నిలబడే ఉన్నాడట. మాలీ చేతులు కట్టుకుని నిలబడ్డాడట. యజమాని కారు హారను వినబడితే తింటున్న కంచం ముందునుంచి లేచే జాతి మనది. ఆ అలవాటుతోనే పోయి డాక్టర్ల ముందు కట్టెలా నిలబడ్డారు. చూసినవాళ్ళు బాగానే ఉన్నారని రాసుకున్నారు.

"వచ్చే క్యాంపుకు అందరం పోదం," అంది భాగీరథి. "రోగమున్నోళ్ళు, లేనోళ్ళు, అందరం. పోయి కూసుందం. కనవడని జబ్బును గూడ జూస్తమనేదాంక ఎవ్వరొచ్చినా లేవొద్దు."

గదికి వచ్చాక శంకరయ్య పెళ్ళాం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "కూసోవోయినదాన్ని నేనే గదనే లేపింది," అన్నాడు.

"ఊకో. నాకు మాత్రం ఎవరు నేర్పిన్రు కూసునుడు?" అంటూ అతని తల నిమిరింది. అతనికి దుఃఖం ఆగలేదు.

క్యాంపు రోజు వచ్చేలోపల అంతమ్మ అరికాళ్ళు మొద్దుబారాయి. ఒకనాడు ఒక కాలి చెప్పు జారిపోయినా తెలియక లాన్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. వెనకనుంచి చూసిన శంకరయ్య చెప్పు తెచ్చి తొడిగాడు. సిటీ దవాఖానకు పోదామన్నాడు. పోతే ఆ పూట తోట ఎవరు చూడాలి? క్యాంపు అయినాక పోదామంది ఆమె. మళ్ళీ గంప ఎత్తుకుంది.

క్యాంపు రోజు ఆటోల నిండా వచ్చారు. హాల్లోకి రావడం రావడమే నేల మీద బారుగా కూర్చున్నారు. ఎవరూ తలకు నూనె పెట్టుకుని రాలేదు. పని బట్టలతో, మట్టి చేతులతో వచ్చారు. కర్ర టకటకలాడించుకుంటూ సాయిలు కూడా వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా కర్ర పక్కన పడేసి భాగీరథి వెనకే కూర్చున్నాడు. అంతమ్మ డాక్టర్ల ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆమె పాదాల దగ్గర శంకరయ్య.

"ఏందమ్మా ఇది? నా చేతిల ఏం లేదు. పైనుంచి వచ్చిన రూల్స్," అన్నాడు అదే డాక్టరు.

"అయితె మీరు గూడ మాతోని కూసోండ్రి సారు. అందరం కలిసి పైనోళ్ళనే అడుగుదం," అంది భాగీరథి. హాలంతా నవ్వింది. డాక్టరు మొహం ఎర్రబడింది.

అంతమ్మ మెల్లగా మాట్లాడింది. "నాది నిమ్మళమైన రోగం సారు. నన్ను సంపెతందుకు దానికి తొందర లేదు. మీకు గూడ తొందర లేదు. పని ఒక్కటే నన్ను తొందరవెడ్తున్నది. గా పని మాన్పియ్యుండ్రి. నేనింక ఏమడుగుత?"

బల్ల వెనక ఎవరో ఫోన్ చేశారు. పోలీసు జీపు వచ్చింది. ఎస్సై గుమ్మంలో నిలబడి లాఠీతో తలుపు మీద కొట్టాడు. "లేవుండ్రి! లేవకుంటె ఎత్తి బండ్లేస్త!"

ఒక్కరూ కదల్లేదు. ఖాకీ బట్ట కనబడితే దూరం నుంచే లేచి నిలబడే శంకరయ్య, ఆ పూట పెళ్ళాం కుర్చీ కాలు పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు అతన్ని పట్టి ఊడబీకి, నేల మీద ఈడుస్తూ గుమ్మం దాకా తీసుకుపోయారు. "లేవం! లేవం!" అని హాలు అరిచింది.

ఆడ కానిస్టేబుల్ అంతమ్మ రెక్క పట్టుకుంది. "లే అవ్వా."

"లేవ," అంది అంతమ్మ.

కానిస్టేబుల్ గుంజింది. గట్టిగా ఏమీ కాదు. అంతమ్మ కుర్చీలోంచి జారి మూటలా నేల మీద పడింది, కుర్చీ పక్కకు ఒరిగి పడిపోయింది. నడుం నుంచి కిందికి ఆమె శరీరం ఆమె మాట వినలేదు. అరుపులన్నీ ఆగిపోయాయి. ఆమె తన మోకాళ్ళను చేత్తో తడుముకుంది.

"ఏమయ్యో," అంది చిన్న గొంతుతో. "నా కాళ్ళు తెలుస్తలేవు."

కానిస్టేబుళ్ళు వదిలేశారో, తనే విదిలించుకున్నాడో, శంకరయ్య వచ్చి ఆమె మీద పడ్డాడు. లేవబోమని ప్రమాణం చేసి వచ్చినవాడు, ఆమె రెండు పాదాలూ పట్టుకుని ఊపాడు.

"లే అంతమ్మా! ఒక్కసారి లే. నీ కాళ్ళు మొక్కుత, నిలవడు!"

ఆ మాట విన్నవాళ్ళలో ఏడవనివాళ్ళు లేరు. డాక్టరు మొదటిసారి బల్ల దాటి వచ్చి నేల మీద మోకరిల్లాడు. ఆమె పాదం మీద గిల్లి చూశాడు. మళ్ళీ గిల్లాడు. "అంబులెన్స్! జల్దీ!" అని కేకపెట్టాడు. అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉండి, లేచేటప్పుడు శంకరయ్య మొహం చూడలేక పక్కకు చూస్తూ అన్నాడు, "ఇప్పుడు... పర్సెంటేజ్ వస్తది. సర్టిఫికెట్ రాసిస్త."

కూలన్నలారా, నెలరోజుల కింద ఆమె ఆ హాల్లోకి నడిచి వచ్చింది. నడక నిలుపుకోవడానికి వచ్చింది. ఆమె నడిచినన్నాళ్ళూ కలం కదలలేదు. ఈ లెక్కకు మొగుడూ పెళ్ళామూ కారు బాధ్యులు, గడ్డ కూడా కాదు.

స్ట్రెచర్ వచ్చింది. జనం లేవలేదు. కూర్చున్నచోటే అటూ ఇటూ జరిగి దారి ఇచ్చారు. పోతూ పోతూ ప్రతి ఒక్కరి చెయ్యీ అంతమ్మ చేతికి తగిలింది. ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. పెళ్ళాం చెయ్యి వదలకుండా నడుస్తున్న శంకరయ్య గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

పడిపోయిన కుర్చీని సాయిలు తన కర్రతో లాగి నిలబెట్టాడు. జనంలోంచి నవ్యశ్రీ లేచి వచ్చింది. అందరి ముందూ, పోలీసుల ముందూ, డాక్టర్ల ముందూ ఆ కుర్చీలో కూర్చుంది. ఈసారి తల దించుకోలేదు.

"నాకు క్యాన్సరున్నది సారు. కాళ్ళు చేతులు మంచిగున్నయి. మంచిగున్నప్పుడే రాయుండ్రి."