పుష్పవతి వేసిన ముగ్గు

పుష్పవతి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంతా నటనే అయితే తిట్టి ఊరుకునేదాన్ని. కొన్నాళ్ళు నిజంగానే మంచిగా ఉందేమో అనిపించినప్పుడు ఇంకా మండుతుంది.

హోసూరులో మా ఇంటికీ వాళ్ళింటికీ నడుమ ఒక సందు ఉండేది. మా మామగారి నాన్న, వాళ్ళ తాత చెరి సగం స్థలం వదిలి చేసిన దారి. కాగితం గీగితం ఏమీ లేదు. ఇద్దరు పక్కపక్కన నడవచ్చు, ఎదురుగా మూడో మనిషొస్తే ఒకరు అరుగెక్కాలి. బండి రాదు, స్కూటరు దూరదు. అదే దాని గొప్పతనం. రెండు పక్కలా ఎత్తు గోడలు కాబట్టి మండుటెండలోనూ నీడే. మా వీధి ఆడవాళ్ళు కూరగాయలకు, పిల్లలు బడికి ఆ సందులోంచే బజారుకు పోయేవాళ్ళు. లేదంటే చుట్టు తిరిగి బెంగళూరు రోడ్డు మీద పోవాలి. ఫ్యాక్టరీలు వచ్చాక ఆ రోడ్డంతా లారీలమయం. పక్కనున్న మట్టి అంచును కూడా పెట్టెకొట్లు మింగేశాయి. నడిచేవాడు ఎక్కడ కాలు పెట్టాలో ఎవరికీ పట్టలేదు.

మా ఆయన శ్రీరంగయ్యకు బజారులో పూజసామాన్ల అంగడి. నలభై దాటీ దాటకముందే ఆయన చూపు మందగించింది. కృష్ణగిరిలో కంటి డాక్టరు దగ్గరికి బస్సుల్లో తిప్పితిప్పి అలిసిపోయాను. చివరికి ఉన్న కాస్త వెలుతురూ పోయింది. ఆయన ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. ఒకనాడు పొద్దున్నే స్నానం చేసి, సందు గోడకు చెయ్యి ఆనించుకుని, ఒక్కడే అంగడికి బయలుదేరాడు. నేను చప్పుడు చేయకుండా వెనకే పోయాను. అరుగుల మీదివాళ్ళు పలకరిస్తుంటే ఎవరి గొంతు ఎక్కడిదో పోల్చుకుంటూ, కాఫీ గింజలు వేయించే వాసన దగ్గర మలుపు తిరిగి, తిన్నగా అంగడి తలుపు దగ్గర ఆగాడు. తాళం తీస్తూ ఆయన నవ్విన నవ్వు నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

సందులో కళ్ళాపి చల్లి ముగ్గేయడం మొదటి నుంచీ సగం వాళ్ళది, సగం మాది. మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు కళ్ళాపి చల్లితే అది వాళ్ళ వాకిలి. ఇంకొకరి వాకిట్లో చెయ్యి పెట్టేవాళ్ళు ఉండరు. నేను కృష్ణగిరికి పరుగులు పెట్టే రోజుల్లో పుష్పవతి వచ్చి నా చేతిలోంచి చెంబు లాక్కుంది.

"అక్కా, నువ్వు బావను చూసుకో. సందంతా నేనే చల్లేస్తాను. ఈడ నీది నాది అని చూసేదుందా?"

ఆ పిల్ల భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆ తర్వాత రోజూ సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆమే ముగ్గేసింది. నేను కూర చేస్తే ముందు వాళ్ళింటికే పంపేదాన్ని. చెల్లెలు లేని లోటు తీరిందని అందరికీ చెప్పుకున్నాను. నా మతి మండ!

ఎనభై మూడులో ఫ్యాక్టరీ ఉద్యోగులు అద్దె ఇళ్ళ కోసం ఊరంతా జల్లెడ పట్టారు. ఒకనాడు సందు మొగలో ఇటుకల లోడు దిగింది. పుష్పవతి మొగుడు ఈశ్వరప్రసాద్ లుంగీ ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఇదేంది?" అన్నాను.

"మా గోడ ఇంత ముందుకు జరిపి రెండు రూములు ఏస్తా ఉండాము. మా వాకిలి, మేము కట్టుకుంటాము."

పంచాయితీ హనుమంతయ్య రైసుమిల్లులో జరిగింది. ఆయన మా వీధికి పెద్ద. కళ్ళులేని మనిషిని పదిమందిలో నిలబెట్టడం ఇష్టంలేక నేనొక్కదాన్నే పోయాను. పుష్పవతి మొగుడి పక్కన కూర్చుని ఉంది. ఆమెను చూడగానే నాకు ధైర్యం వచ్చింది. అంత పిచ్చిదాన్ని.

"కాగితం లేని చోట వాకిలి ఎవురిదో ముగ్గే చెప్తాది," అన్నాడు హనుమంతయ్య. "చెప్పమ్మా కాత్యాయనీ, సందులో ముగ్గేసేది ఎవురు?"

వీధి వీధంతా చూసిన సంగతి. అబద్ధమెట్లా ఆడను?

"పుష్పవతి."

"నీ సగంలోనూనా?"

"అవునయ్యా. అది నాకు ఆసరాగా ఉంటాదని..." అని పుష్పవతి వైపు చూశాను. నువ్వు చెప్పవే అన్నట్టు చూశాను.

పుష్పవతి తల దించుకోలేదు. "అక్క చేతగాక వదిలేసింది. ఇన్నేండ్లుగా చూసుకునింది నేను," అంది.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ క్షణం తెలిసింది. "ఆయన యాడ నడవాల్నే?" అని అరిచాను.

"చెయ్యి పట్టుకుని నువ్వు తీసకపో. పెండ్లాం ఉండేది దేనికి?"

ఇంటికొచ్చి సందు పోయిందని మాత్రం చెప్పాను. మిగతాది నోట్లోంచి రాలేదు.

గోడ లేచాక ఆయన్ని చెయ్యి పట్టుకుని రోడ్డు మీద తీసుకెళ్ళాను. వెనక లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఆయన వేళ్ళు నా చేతిలో బిగుసుకుపోయేవి. ఒక్కరూ పలకరించలేదు. ఆ రొదలో ఎవరు ఎవరిని పలకరిస్తారు? అంగడి చేరేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. వారం తిరక్కముందే పీట మీద కూర్చుని, "అంగడి నువ్వే చూసుకో," అన్నాడు.

"నేను తీసకపోతాను కదండీ!"

"నువ్వు తీసకపోతే నేను పోయినట్టు కాదే. నన్ను మోసకపోయినట్టు."

 మళ్ళీ ఆయనే అడిగాడు.

"పంచాయితీలో పుష్పవతి కూడా ఉండెనంట కదా. నా గురించి ఒక మాటైనా చెప్పలేదా?"

ఆకలేసి అన్నం పెట్టమన్నప్పుడు కూడా అంత ఆశగా అడగడు. చూపులేని ఆ కళ్ళు నా వైపే తిప్పాడు. ఇంక ఆయనకు మనుషుల మీద నమ్మకం తప్ప ఏం మిగిలింది? అదీ నేనే పెరికేయాలా?

"చెప్పింది," అన్నాను. "చానా బతిమాలింది. పెద్దోళ్ళు ఇనలేదు."

"పాపం, మంచి పిల్ల," అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకున్నాను.