అన్న బిగించిన క్లిప్పు

మళ్లీ ఆగిపోయింది. యోనా తాళం తిప్పి ఇంకోసారి స్టార్ట్ చేశాడు. యాక్సిలరేటర్ తొక్కనంతసేపు ఇంజిన్ బుద్ధిమంతుడిలా తిరుగుతుంది. కాస్త తొక్కామా, వెనక నుంచి నల్లటి పొగ కక్కి, ఒక్క కుదుపుతో ఆగిపోతుంది. పొద్దుటి నుంచీ ఇదే వరస.

కారు అతని అన్న క్రిస్టోఫర్‌ది. మణుగూరు గనుల్లో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక కొనుక్కున్న పాత టర్బో డీజిల్ బండి. టర్బో నుంచి ఇంజిన్‌లోకి గాలి పోయే రబ్బరు పైపు పగిలిందని కిందటి వారం ఇంటి ముందే కూర్చుని తనే మార్చుకున్నాడు. ఆ రాత్రే ఆయాసం ఎక్కువై భద్రాచలం దవాఖానాలో పడ్డాడు. నిన్న డాక్టరు, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. క్రిస్టోఫర్ అంబులెన్సు ఎక్కనన్నాడు.

"యోనాను నా బండి తెమ్మను. నా ఇంట్లనే కన్ను మూస్త," అన్నాడట.

యోనా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పదో తరగతి తప్పాడు. స్పానర్ పట్టడం అన్నే నేర్పాడు. మెయిన్ రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఇంకొకరి కింద పనిచేస్తూనే జుట్టు నెరిసింది, వీపు వంగింది, కుడి బొటనవేలి గోరు సగం పోయింది. లారీ డ్రైవర్లకు అతని పేరు కూడా తెలియదు. "క్రిస్టోఫర్ తమ్ముణ్ని పిలువు" అంటారు. అలా పిలిపించుకోవడం అతనికి ఇష్టం.

డీజిల్ ఫిల్టరు విప్పి చూశాడు, బాగానే ఉంది. డీజిల్ లైనులో గాలి చేరిందేమోనని పంపు నొక్కి తీశాడు. వైర్లన్నీ ఊపి చూశాడు. అన్న మార్చిన రబ్బరు పైపు దగ్గర మాత్రం, క్లిప్పు మీద వేలు పెట్టి, గట్టిగానే ఉందని పక్కకు జరిగాడు. దేవుడి మీద నమ్మకం అతనికి ఆదివారం గుర్తొస్తుంది. అన్న బిగించిన నట్టు మీద నమ్మకం వారమంతా ఉంటుంది.

వదిన రిబ్కా టీ తెచ్చి ఇచ్చింది.

"అయితదా యోనా?"

"అయితది వదినా."

"దవాఖానల నుంచి స్తుతి ఫోన్ చేసింది. వాళ్ల డాడీ బండి ఏదని అడుగుతుండంట."

"జల్దీ తెస్తనని చెప్పు."

ఎండ నడినెత్తికి వచ్చింది. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని. చివరికి, పెద్దవాళ్లకు ఎదురు చెబుతున్నంత బెరుకుగా, అన్న బిగించిన క్లిప్పు వదులుచేసి పైపు లాగాడు. లోపల మూతికి అడ్డంగా ఖాకీ గుడ్డ.

గనుల్లో అలవాటు అది. ఏ పైపు విప్పినా బొగ్గు దుమ్ము పోకుండా మూతిలో గుడ్డ కుక్కాలి, బిగించే ముందు తీసేయాలి. తమ్ముడికి మొట్టమొదట చెప్పిందీ అదే. తీయడం మరిచిపోతే చెవి మెలిపెట్టేవాడు.

"వదినా, అన్న ఇది మార్చేటప్పుడు ఏమన్నా అయిందా?"

"అవ్. మధ్యల ఆయాసమొచ్చి అరుగు మీద కూసున్నడు. ఎవరికీ చెప్పకన్నడు. మళ్ల లేచి బిగించిండు. ఏంది యోనా?"

"ఏం లేదు వదినా."

గుడ్డ తీసి ప్రహరీ గోడ మీద పెట్టాడు. పైపు తొడిగి, క్లిప్పు బిగించి స్టార్ట్ చేశాడు. ఎంత తొక్కినా ఇంజిన్ ఆగలేదు. అన్న కూడా మరిచిపోగలడని పొద్దున్నే ఒప్పుకుని ఉంటే, ఈపాటికి ఆయన్ను తెచ్చి ఆయన మంచం మీద పడుకోబెట్టేవాడు.

సబ్బుపొడితో చేతులు రుద్దుకుంటుండగా ఫోన్ మోగింది. స్తుతి.

"బాబాయ్, బండి ఇగ నిదానంగనే తేండి. డాడీ పోయిండు."

యోనాకు ఏడుపు రాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన నురుగు కడుక్కున్నాడు. లోపలికి వెళ్లి వదినకు చెప్పాడు. ఆమె పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే ముందు సీట్లో కాక వెనక కూర్చుంది.

భద్రాచలం దాకా, అడవి దారిలో గానీ, గోదావరి వంతెన మీద గానీ, కారు ఒక్కసారి కూడా ఆగలేదు. ఎక్కడన్నా ఆగితే బాగుండునని అతనికి అనిపించింది.

ఇంటి దగ్గర గోడ మీద ఖాకీ గుడ్డ, పైపు మూతి ఎంతుందో అంత గుండ్రంగా ముడుచుకుని, అలాగే ఎండుతూ ఉంది.